సీ డ్రైవ్ నిండిపోతోందా? జాగా ఏది తింటోందో కొలిచి పట్టుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆన్‌లైన్ సెంటరు, గుణుపురంలో డీటీపీ షాపు, రాయగడలో ఫొటో స్టూడియో, బరంపురంలో జిరాక్స్ షాపు. ఎక్కడ చూసినా కంప్యూటర్ కూర్పు ఇంచుమించు ఒకటే: విండోస్ ఉండే చిన్న ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు, ఇదే సీ డ్రైవ్), పక్కన పెద్ద హార్డ్ డిస్క్ (డీ డ్రైవ్). ప్లస్ టూ, ప్లస్ త్రీ అడ్మిషన్లు వచ్చినా, పెళ్లిళ్ల సీజను మొదలైనా ముందు ఆ చిన్న సీ డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. ప్రింటు మధ్యలో ఆగిపోతుంది, ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ (పనిచేస్తూ తాత్కాలిక ఫైళ్లు రాసుకునే చోటు) నిండిందంటుంది, విండోస్ అప్‌డేట్ సగం దాకా వెళ్లి వెనక్కి వస్తుంది.

అప్పుడు చాలామంది డెస్క్‌టాప్ మీద కనిపించిన ఫైళ్లు గబగబా డిలీట్ కొడతారు. రెండు వందల ఎంబీ మిగులుతుంది, వారం తిరక్కుండా గీత మళ్లీ ఎర్రబడుతుంది. పైగా పోయిన వాటిలో కావలసిన ఫైలు ఒకటి తప్పకుండా ఉంటుంది. పెద్ద మొత్తంలో జాగా తినేవి సాధారణంగా కంటి ముందు ఉండవు. దాచిన ఫోల్డర్లలో, ప్రింటర్ క్యూలో, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన కోసం రాసుకునే ఫైళ్లలో ఉంటాయి. అందుకే వరస ఇలా పెట్టుకోండి: ముందు కొలవాలి, తర్వాత ఆ ఫైలు అక్కడికి ఎందుకొచ్చిందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే తీసెయ్యాలి. రెండో మెట్టు వదిలేస్తే తీసిన చోటే మళ్లీ పేరుకుంటుంది.

ఇక్కడ రాసిన దారులన్నీ విండోస్ 10, 11లవి. ఉబుంటు వాడేవాళ్ల కోసం మధ్యలో నాలుగు మాటలున్నాయి.

మొదట డిస్కు అసలు లెక్క

దిస్ పీసీ తెరిచి, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్ నొక్కండి. యూజ్డ్ స్పేస్, ఫ్రీ స్పేస్ రెండింటినీ తేదీ వేసి కాగితం మీద రాసుకోండి. ఈ రెండు అంకెలు లేకుండా మొదలుపెడితే చివర్లో ఎంత మిగిలిందో చెప్పలేరు.

128 జీబీ అని కొన్న డిస్కు ఇక్కడ 119 జీబీ అని కనిపిస్తుంది. 256 అయితే 238, 512 అయితే 476, ఒక టీబీ అయితే 931. షాపువాడు మోసం చేయలేదు. తయారీ కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. బూట్, రికవరీ పార్టిషన్లకు ఇంకొంచెం పోతుంది. 2019 నుంచి వస్తున్న విండోస్‌ను కొత్తగా ఎక్కిస్తే, అప్‌డేట్ల కోసం సుమారు 7 జీబీని అదే రిజర్వ్ చేసి పెట్టుకుంటుంది. కాబట్టి 128 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్లో మీ పనికి మిగిలేది అనుకున్నదానికంటే చాలా తక్కువ.

సీ డ్రైవ్‌లో ఎప్పుడూ 15 నుంచి 20 శాతం ఖాళీ ఉండేలా చూసుకోండి. ఎస్ఎస్‌డీకి కొత్తది రాయాలంటే చెరిపి సిద్ధంగా ఉంచుకున్న బ్లాకులు కావాలి. డిస్కు నిండేకొద్దీ అవి తగ్గి, రాయడం నెమ్మదిస్తుంది. విండోస్ పెద్ద అప్‌డేట్‌కు 20 జీబీ దాకా ఖాళీ ఉంటే నిశ్చింత. చాలకపోతే 0ఎక్స్80070070 అనే ఎర్రర్ వస్తుంది. ఆ నంబరు కనిపిస్తే నెట్ బాగోలేదని మోడెమ్ ఆపి ఆపి వెయ్యకండి, డిస్కులో చోటు లేదని దాని అర్థం.

విండోస్ సొంతంగా చెప్పే లెక్క

విండోస్ మీట, ఐ మీట కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. సిస్టమ్, అందులో స్టోరేజ్. ఒకటి రెండు నిమిషాలు ఆగితే సీ డ్రైవ్‌ను భాగాలుగా చూపిస్తుంది: యాప్స్, టెంపరరీ ఫైల్స్, డాక్యుమెంట్స్, అదర్. కింద షో మోర్ కేటగిరీస్ నొక్కితే మిగతావీ వస్తాయి. డీ డ్రైవ్ లెక్క కావాలంటే విండోస్ 11లో అదే పేజీలో అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్ తెరవాలి.

టెంపరరీ ఫైల్స్ నొక్కగానే టిక్ పెట్టే జాబితా వస్తుంది. ఇక్కడ జాగ్రత్త. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అనే వరస కూడా ఉంటుంది. దానికి టిక్ పెడితే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆన్‌లైన్ సెంటర్లో ఆ ఫోల్డర్లోనే కస్టమర్ల హాల్ టికెట్లు, అప్లికేషన్ రసీదులు ఉంటాయి. దాన్ని వదిలేసి టెంపరరీ ఫైల్స్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, థంబ్‌నెయిల్స్ లాంటివాటికి టిక్ పెట్టి రిమూవ్ నొక్కవచ్చు.

ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అనే వరస ఉంటే అది పాత విండోస్ మొత్తం దాచిన ఫోల్డర్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అక్కడి నుంచి 11కి మారిన మెషీన్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. 10 నుంచి 30 జీబీ దాకా ఉండవచ్చు. మామూలుగా పది రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది. అంతలోపే తీసెయ్యాలంటే ముందు ప్రింటరు, స్కానరు, వేలిముద్ర మిషను అన్నీ కొత్త విండోస్‌లో పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. అది పోయాక పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ఈ పేజీ ఉపయోగపడేది ఇంతవరకే. అదర్ అని 40 జీబీ చూపించి ఊరుకుంటుంది. ఆ అదర్‌లో ఏముందో చెప్పేది తర్వాతి మెట్టు.

ఫోల్డర్ ఫోల్డర్‌గా కొలిచే సాధనం

విన్‌డిర్‌స్టాట్, విజ్‌ట్రీ, ట్రీసైజ్ ఫ్రీ. ఈ మూడింటిలో ఒకటి చాలు. విన్‌డిర్‌స్టాట్ ఓపెన్ సోర్స్, షాపులో వాడినా ఉచితమే. విజ్‌ట్రీ సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికి వాడాలంటే లైసెన్సు కొనాలి. కాకపోతే వేగంలో దానికి సాటి లేదు. ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూడకుండా, డిస్కులో ఫైళ్ల చిట్టా రాసి ఉండే పట్టికనే నేరుగా చదువుతుంది. అన్నీ కొద్ది ఎంబీల సాఫ్ట్‌వేర్లే కాబట్టి, సిగ్నల్ బాగున్న రోజున ఒక్కసారి తెచ్చుకుని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే కోరాపుట్ ఘాట్ల పైనున్న ఊళ్లలో కూడా నెట్ అక్కర్లేకుండా పనిచేస్తాయి. తయారుచేసిన వాళ్ల సైట్ నుంచే తీసుకోండి. వెతికితే మొదట కనిపించే పెద్ద డౌన్‌లోడ్ బటన్ చాలాసార్లు ప్రకటనే.

1. డిస్కు పూర్తిగా నిండి ఉంటే సాధనాన్ని సీ డ్రైవ్‌లో పెట్టకండి, పెన్ డ్రైవ్ నుంచే నడపండి.
2. దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. ఇది తప్పనిసరి. మామూలుగా నడిపితే వేరే యూజర్ల ఫోల్డర్లు, విండోస్ లోపలి ఫోల్డర్లు చదవలేక సున్నా అని చూపిస్తుంది. అక్కడే 20 జీబీ ఉండవచ్చు.
3. సీ డ్రైవ్ ఒక్కటే ఎంచుకుని స్కాన్ చెయ్యండి. హార్డ్ డిస్కు అయితే ఎక్కువ సేపు పడుతుంది, ఈలోగా వేరే పని పెట్టకండి.
4. సైజు వరస మీద క్లిక్ చేసి పెద్దది పైకి వచ్చేలా పెట్టండి. అన్నిటికంటే పెద్ద ఫోల్డర్ తెరవండి, అందులో పెద్దది, అందులో పెద్దది. అలా నాలుగైదు మెట్లు దిగాక అసలు సంగతి కనిపిస్తుంది.
5. పక్కన ఫైలు రకాల పట్టిక కూడా చూడండి. పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు) ఎన్ని జీబీలు, ఎంపీ4లు ఎన్ని, జిప్‌లు ఎన్ని అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

ఎలా చదవాలో ఒక నమూనా చూద్దాం. 119 జీబీ సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ 52 జీబీ, విండోస్ 27, ప్రోగ్రామ్ ఫైల్స్ రెండూ కలిపి 16 ఉన్నాయనుకోండి. విండోస్‌కు 25 నుంచి 30 జీబీ మామూలే, దాని జోలికి పోనక్కర్లేదు. యూజర్స్ తెరిస్తే మీ పేరున్న ఫోల్డర్, అందులో యాప్‌డేటా 31. అంటే మీరు స్వయంగా దాచుకున్న ఫైళ్లకంటే సాఫ్ట్‌వేర్లు దాచుకున్నవే ఎక్కువ. యాప్‌డేటాలో లోకల్ 24, అందులో ప్యాకేజెస్ 14, అందులో వాట్సాప్ పేరున్న ఫోల్డర్ 12. ఇక అసలు దొంగ దొరికినట్టే. యాప్‌డేటా మామూలుగా కనిపించని ఫోల్డర్ కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్లో ఎంత వెతికినా ఈ 12 జీబీ బయటపడేది కాదు.

ఉబుంటులో డిస్క్ యూసేజ్ ఎనలైజర్ అనే సాధనం చాలామటుకు ముందే ఉంటుంది. అదీ ఇదే పద్ధతిలో చూపిస్తుంది.

షాపుల్లో తరచుగా దొరికేవి

*స్కాన్లు.* ఏ4 కాగితాన్ని రంగుల్లో 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) దగ్గర స్కాన్ చేస్తే, కుదించకుండా దాచినప్పుడు ఒక్క పేజీ సుమారు 25 ఎంబీ. 600 డీపీఐ పెడితే అది రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 100 ఎంబీ. నిలువునా రెట్టింపు, అడ్డంగా రెట్టింపు కదా. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఎప్పుడో 600, టిఫ్ అని పెట్టి వదిలేసి ఉంటారు, ప్రతి కుల ధ్రువపత్రమూ అలాగే దిగుతుంది. తహసీల్ ఆఫీసు కాగితాలకు, మార్కుల జాబితాలకు 200 నుంచి 300 డీపీఐ, జేపీజీ లేదా పీడీఎఫ్ చాలు. పోర్టళ్లు ఎలాగూ కొన్ని వందల కేబీల కంటే పెద్ద ఫైలు తీసుకోవు. ఒడియా కాగితాల్లో చిన్న అక్షరాలు అల్లుకుపోతే 300కి వెళ్లండి, అంతకు పైన అవసరం రాదు. స్కానర్ ఫైళ్లు ఎక్కడ దాస్తోందో కూడా ఆ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. చాలావాటికి పిక్చర్స్ లేదా డాక్యుమెంట్స్ లోపలి ఫోల్డర్, అంటే సీ డ్రైవే. డీ డ్రైవ్‌కు మార్చండి.

ఇది జాగా సంగతి ఒక్కటే కాదు. అటు పాతపట్నం నుంచీ ఇటు పల్లెల నుంచీ వచ్చినవాళ్లు ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మీ చేతిలో పెట్టి వెళుతున్నారు. పని అయ్యాక ఆ కాపీలు షాపు డిస్కులో ఏళ్ల తరబడి పడి ఉండటం వాళ్లకు మంచిది కాదు. రోజుకో ఫోల్డర్ తేదీ పేరుతో పెట్టుకుంటే, అప్లికేషన్ గడువు తీరిన వెంటనే ఆ ఫోల్డర్ మొత్తం తీసెయ్యవచ్చు. స్కాన్0001, స్కాన్0002 అని కలగలిసిపోతే ఏది ఎవరిదో తెలియక ఏదీ తీయలేరు.

*ప్రింట్ క్యూ.* ప్రింటు ఇచ్చిన ప్రతి ఫైలుకూ విండోస్ ముందు ఒక కాపీ రాసి, దాన్ని ప్రింటరుకు పంపుతుంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ నమూనాలు పంపే చోట ఒక్కో కాపీ వందల ఎంబీ ఉంటుంది. ప్రింటయ్యాక అది పోవాలి. రెండు కారణాల వల్ల పోదు. ఒకటి, కాగితం ఇరుక్కుని లేదా కరెంటు పోయి ప్రింటు క్యూలో నిలిచిపోవడం. రెండోది ఎవరి కంటా పడదు: ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కింద కీప్ ప్రింటెడ్ డాక్యుమెంట్స్ అనే చోట టిక్ ఉంటే ప్రింటయినవన్నీ అలాగే ఉండిపోతాయి. ముందు ఆ టిక్ తీసెయ్యండి.

పేరుకున్నవి తీయడానికి: స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి, జాబితాలో ప్రింట్ స్పూలర్ మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ నొక్కండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే వరసలో వెళ్లి, ఆ చివరి ఫోల్డర్ లోపలి ఫైళ్లు మాత్రమే తీసెయ్యండి, ఫోల్డర్ ఉండాలి. మళ్లీ సర్వీసెస్‌కు వచ్చి స్టార్ట్ నొక్కండి. స్పూలర్ ఆపకుండా డిలీట్ కొడితే ఫైలు వాడుకలో ఉందంటూ ఒప్పుకోదు.

*స్టూడియో ఫైళ్లు.* ఇక్కడ లెక్కలు వేరే స్థాయి. 12 అంగుళాలు, 36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో ఒక్క పొర (లేయర్) ఉన్నా 110 ఎంబీ పైమాటే. పది పొరలు పెట్టి పీఎస్‌డీగా దాస్తే ఒక్క షీటు అర జీబీ దాటడం మామూలు. ముప్ఫై షీట్ల ఆల్బమ్ ఎంతవుతుందో మీరే గుణించుకోండి. వీడియో సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతలో తీస్తే గంటకు 45 జీబీ. ఇవి మీకు తెలిసినవే, ఎలాగూ డీ డ్రైవ్‌లో పెడతారు. సీ డ్రైవ్‌ను చప్పుడు చెయ్యకుండా నింపేవి వేరు.

వీడియో ఎడిటింగ్‌కు వాడే ప్రీమియర్ ప్రో ప్రతి వీడియోకూ ఆడియో, ప్రివ్యూలకు సంబంధించిన మీడియా క్యాష్ (త్వరగా తెరవడానికి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) రాసుకుంటుంది. అది మీ ప్రాజెక్టు ఎక్కడున్నా సరే, మామూలుగా సీ డ్రైవ్‌లో యాప్‌డేటా, రోమింగ్, అడోబీ, కామన్ అనే దారిలో పేరుకుంటుంది. ప్రాజెక్టు డిలీట్ చేసినా ఇది పోదు. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో మీడియా క్యాష్ తెరిచి వాడని క్యాష్ తీసేయమనండి, అక్కడే దాని చోటు డీ డ్రైవ్‌కు మార్చండి. తీసేసిన క్యాష్ వల్ల వీడియో ఏమీ పోదు, తర్వాతిసారి ప్రాజెక్టు తెరిచినప్పుడు అదే మళ్లీ తయారుచేసుకుంటుంది, తెరవడం కాస్త ఆలస్యం అంతే.

ఫొటోషాప్ సంగతి వేరు. అది పనిచేస్తున్నంతసేపూ ఫొటోషాప్ టెంప్ అనే పేరుతో మొదలయ్యే పెద్ద ఫైళ్లు రాసి, మూసేటప్పుడు తనే తీసేస్తుంది. యూపీఎస్ బ్యాటరీ అయిపోయి మెషీన్ మధ్యలో ఆగితే తీసేవాళ్లు ఎవరూ ఉండరు. పదేసి జీబీల ఫైళ్లు అలాగే పడి ఉంటాయి. వానాకాలంలో కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయే ఊళ్లలో ఇవి త్వరగా పోగవుతాయి. ఫొటోషాప్ పూర్తిగా మూసేసి, తేదీ చూసి, పాతవి తీసెయ్యండి. తెరిచి ఉండగా ముట్టుకోకండి. ఎడిట్, ప్రిఫరెన్సెస్, స్క్రాచ్ డిస్క్స్‌లో సీ మీద టిక్ తీసి డీ మీద పెట్టడం మంచిది. డీ కూడా ఎస్ఎస్‌డీ అయితే వేగం తగ్గదు, మామూలు హార్డ్ డిస్కయితే కాస్త తగ్గుతుంది. సీ డ్రైవ్ 128 జీబీ అయినప్పుడు ఆ నెమ్మదిని ఒప్పుకోవడమే మేలు.

*వాట్సాప్, టెలిగ్రామ్.* ఫొటోలు, పీడీఎఫ్‌లు కస్టమర్ల నుంచి వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే గ్రూపుల్లోని వీడియోలన్నీ షాపు డిస్కులో దిగుతాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో వీడియోలకు అది ఆపెయ్యండి. దాని ఫోల్డర్లోకి వెళ్లి చేత్తో ఫైళ్లు తీయడం కంటే యాప్ లోపలి నుంచే చాట్‌ల మీడియా తీయడం క్షేమం. టెలిగ్రామ్‌లో సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, మేనేజ్ లోకల్ స్టోరేజ్ తెరిస్తే క్యాష్ తుడిచే బటనూ, ఇంతకు మించొద్దని హద్దు పెట్టే చోటూ ఉంటాయి. మీరు కావాలని దించుకున్నవి డౌన్‌లోడ్స్‌లోని టెలిగ్రామ్ డెస్క్‌టాప్ ఫోల్డర్లో వేరుగా ఉంటాయి, అవి అలా పోవు.

*రీసైకిల్ బిన్.* డిలీట్ కొట్టినా ఖాళీ పెరగలేదంటే ముందు చూడవలసింది ఇదే. ప్రతి డ్రైవ్‌కూ వేరే బిన్ ఉంటుంది, బయటి హార్డ్ డిస్కుకు కూడా. ఎంప్టీ చేసేముందు ఒక్కసారి తెరిచి సైజు వరసలో చూడండి.

సీ డ్రైవ్ మొదట్లోనే ఉండే పెద్ద ఫైళ్లు

కొలిచే సాధనంలో హైబర్‌ఫిల్, పేజ్‌ఫైల్ అనే రెండు ఫైళ్లు సీ డ్రైవ్ పైమెట్టులోనే కనిపిస్తాయి. వైరస్ అని కంగారు పడకండి.

హైబర్‌ఫిల్ అంటే మెషీన్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకునే ఫైలు. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం: 8 జీబీ ర్యామ్‌కు 3 జీబీ పైన, 16కి 6 జీబీ పైన. యూపీఎస్ మీద నడిచే డెస్క్‌టాప్‌కు హైబర్నేట్ వాడకపోతే తీసెయ్యవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, కుడివైపు వాలిన గీత, వెంటనే హెచ్, మళ్లీ ఖాళీ, ఆఫ్ అని కొట్టి ఎంటర్ చెయ్యండి. ఫైలు అప్పుడే మాయమవుతుంది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, హార్డ్ డిస్కు మీద విండోస్ ఉంటే ఆన్ కావడం ఆలస్యమవుతుంది. ఆఫ్ బదులు ఆన్ అని కొడితే తిరిగి వస్తుంది. బ్యాటరీ తొందరగా దిగిపోయే లాప్‌టాప్‌లో మాత్రం దీన్ని ఉంచుకోండి.

పేజ్‌ఫైల్ ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు. దీన్ని సున్నా చేయమని చెప్పేవాళ్లున్నారు. ఒప్పుకోవద్దు. 4 జీబీ, 8 జీబీ ర్యామ్ మెషీన్లలో అది లేకపోతే ఫొటోషాప్, క్రోమ్ రెండూ తెరిచినప్పుడు ప్రోగ్రాములు ఉన్నట్టుండి మూసుకుపోతాయి, అప్పటిదాకా చేసిన పని పోతుంది.

విండోస్ ఫోల్డర్ లోపల విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనేది పది జీబీలకు పైగా చూపిస్తుంది. అందులో చాలా ఫైళ్లు విండోస్‌లో వేరేచోట ఉన్నవే, రెండు పేర్లతో ఒకే ఫైలు. ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కేస్తుంది కాబట్టి అంకె పెద్దగా కనిపిస్తుంది. చేత్తో అస్సలు తీయకండి, విండోస్ మళ్లీ లేవకపోవచ్చు. స్టార్ట్‌లో డిస్క్ క్లీనప్ వెతికి, క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కు టిక్ పెడితే తీయదగ్గది అదే తీస్తుంది. పాత డిస్కుల మీద దీనికి అరగంట పట్టినా ఆపకండి. విండోస్ లోపలి ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డర్ కూడా ముట్టుకోకూడనిదే. అది పోతే ఆఫీస్ లాంటివి అప్‌డేట్ కావు, తీసేద్దామన్నా తియ్యబడవు.

లెక్క కలవనప్పుడు

కాగితం మీద రాసుకున్న యూజ్డ్ స్పేస్‌కూ, సాధనం చూపించిన మొత్తానికీ పది ఇరవై జీబీల తేడా వస్తే మూడుచోట్ల చూడండి.

మొదటిది రిస్టోర్ పాయింట్లు, అంటే తేడా వస్తే విండోస్‌ను పాత స్థితికి తీసుకెళ్లడానికి దాచుకునేవి. ఇవి సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్లో ఉంటాయి, అడ్మినిస్ట్రేటర్‌కు కూడా అది మామూలుగా తెరుచుకోదు. స్టార్ట్‌లో క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని వెతికి తెరవండి, సీ డ్రైవ్ ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కండి. కరెంట్ యూసేజ్ అని ఎన్ని జీబీలో చూపిస్తుంది. దాని కింద మ్యాక్స్ యూసేజ్ గీతను వెనక్కి జరపవచ్చు. చిన్న డిస్కుకు 3 నుంచి 5 జీబీ చాలు. పూర్తిగా ఆపెయ్యకండి, ప్రింటర్ డ్రైవర్ తేడా చేసిన రోజున ఇదే ఆదుకుంటుంది.

రెండోది వేరే యూజర్ ఖాతాలు. ఇంతకుముందు షాపులో పనిచేసినవాళ్ల ఖాతా, దాని డౌన్‌లోడ్స్, దాని రీసైకిల్ బిన్ అలాగే ఉంటాయి. సాధనాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడపకపోతే ఇవి కనపడవు. ఖాతా తీసేటప్పుడు విండోస్ అందులోని ఫైళ్లు కూడా పోతాయని హెచ్చరిస్తుంది, కావలసినవి ముందే తీసుకోండి.

మూడోది కరెంటు పోవడం వల్ల దెబ్బతిన్న ఫైళ్లు. విండోస్ డిస్కును సరిచేసినప్పుడు యజమాని దొరకని ముక్కలను ఫౌండ్.000 లాంటి దాచిన ఫోల్డర్లలో పడేస్తుంది. ఏదైనా ముఖ్యమైన ఫైలు ఆ రోజుల్లో కనిపించకుండా పోయి ఉంటే వీటిని వెంటనే తీయకండి, అది ఆ ముక్కల్లో ఉండవచ్చు. ఏమీ పోలేదని తేలాక తీసెయ్యవచ్చు.

వన్‌డ్రైవ్ వాడుతుంటే ఒక చిక్కుంది. ఫైలు పక్కన మేఘం గుర్తుంటే అది నెట్‌లో ఉంది, డిస్కులో లేదు. ప్రాపర్టీస్‌లో సైజ్ 2 జీబీ, సైజ్ ఆన్ డిస్క్ సున్నా అని ఉంటుంది. జాగా కోసం దాన్ని డిలీట్ చేస్తే మిగిలేదేమీ లేదు, పైగా నెట్‌లోనూ ఫోన్‌లోనూ కూడా పోతుంది. డిస్కులో దిగిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ నొక్కడం సరైన దారి. అయితే మళ్లీ తెరవాలంటే నెట్ కావాలి. సిగ్నల్ నమ్మలేని చోట రోజూ కావలసిన ఫైళ్లకు ఇది పెట్టకండి.

ఒక్క బటన్‌తో మొత్తం శుభ్రం చేస్తామనే ఉచిత క్లీనర్లు వద్దు. తీసేది ఎక్కువగా బ్రౌజర్ క్యాష్, అది రెండు రోజుల్లో తిరిగి నిండుతుంది. కొన్ని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా) వేలు పెడతాయి. దానివల్ల జాగా ఏమీ మిగలదు, చెడిపోతే మాత్రం మళ్లీ విండోస్ ఎక్కించుకోవాల్సిందే.

ఉంచుకోవలసినవి తరలించడం

డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను డీ డ్రైవ్‌కు శాశ్వతంగా మార్చవచ్చు. డీ డ్రైవ్‌లో ముందే డౌన్‌లోడ్స్ అనే ఖాళీ ఫోల్డర్ చేసుకోండి. సీలో ఉన్న డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్, ఆ కొత్త ఫోల్డర్ చూపించి ఓకే. పాత ఫైళ్లు కూడా తీసుకెళ్లాలా అంటే అవుననండి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: కొత్త ఫోల్డర్ చేయకుండా నేరుగా డీ డ్రైవ్‌నే చూపించడం. అలా చేస్తే డీ డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారిపోతుంది, తిరిగి విడదీయడం పెద్ద తలనొప్పి.

పూర్తయిన పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు బయటి హార్డ్ డిస్కుకో పెన్ డ్రైవ్‌కో తీసేటప్పుడు 4 జీబీ దాటిన వీడియో పెన్ డ్రైవ్‌లోకి వెళ్లనంటే పెన్ డ్రైవ్ చెడిపోలేదు. అది ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంది, ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. లోపలివన్నీ వేరేచోట పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చెయ్యండి, ఫార్మాట్‌తో అందులో ఉన్నవన్నీ పోతాయి.

తరలించేటప్పుడు కట్ చేసి పేస్ట్ చెయ్యకండి. సగంలో కరెంటు పోతే ఏది ఎక్కడికి చేరిందో చెప్పలేని గందరగోళం అవుతుంది. కాపీ చెయ్యండి. అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, బ్రాకెట్లో ఉండే బైట్ల అంకె రెండూ సరిపోయాయో లేదో చూడండి. సైజ్ ఆన్ డిస్క్ అనే వరస సరిపోకపోయినా పర్వాలేదు, రెండు డిస్కుల్లో ఫైళ్లు రాసే గళ్ల పరిమాణం వేరు కావచ్చు. కొత్త చోటి నుంచి రెండు మూడు ఫైళ్లు, ముఖ్యంగా పెద్ద వీడియో చివరి నిమిషం, తెరిచి చూడండి. సేఫ్లీ రిమూవ్ చేసి డిస్కు విప్పి, మళ్లీ తగిలించి ఇంకోసారి తెరవండి. పెళ్లి వీడియోకు మరో కాపీ ఎక్కడా లేకపోతే ఇంకో డిస్కులోకి కూడా ఎక్కించాకే సీ డ్రైవ్‌లోది తీసెయ్యండి.